ప్రాసెసర్ ధర, వేగం, దిగుబడి: కొనుగోలుకు ముందు గమనించవలసిన అంశాలు

హిందూపురం: కార్యాలయాలకు కంప్యూటర్లు కొనుగోలు చేసే ప్రతి సందర్భంలోనూ రెండు ప్రశ్నలు తలెత్తుతుంటాయి. నిరుడు అధిక ధర పలికిన ప్రాసెసర్ ఈ ఏడాది తక్కువకు ఎలా లభిస్తున్నది? ఒకే నమూనాపై, ఒకే కర్మాగారంలో తయారైన రెండు ప్రాసెసర్లకు వేర్వేరు ధరలు ఎందుకు? శ్రీ సత్యసాయి జిల్లా ప్రజలకు సుపరిచితమైన పట్టు పరిశ్రమను ఉదాహరణగా తీసుకున్నచో ఈ విషయం సులభంగా బోధపడుతుంది.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో రీలర్లు గూళ్ల బరువును మాత్రమే చూసి వేలం పాడరు. కిలో దారం తీయుటకు ఎన్ని కిలోల గూళ్లు అవసరమగునో అంచనా వేసి ధర నిర్ణయిస్తారు. చిప్‌ల తయారీలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 300 మిల్లీమీటర్ల వ్యాసం గల సిలికాన్ పలకపై చదరపు సెంటీమీటరు పరిమాణం గల చిప్‌లు సుమారు 600 వరకు వస్తాయి. సూక్ష్మమైన ధూళి కణం పడినా ఆ చోటి చిప్ చెడిపోతుంది. ఒక పలక తయారీకి రూ.6 లక్షలు ఖర్చయినదనుకుందాం. సగం చిప్‌లు మాత్రమే పనిచేసినచో ఒక్కొక్కటి రూ.2,000 పడుతుంది. లోపాలను సవరించుకుంటూ దిగుబడిని 90 శాతానికి పెంచినచో అదే చిప్ సుమారు రూ.1,111కే తయారవుతుంది. కాలక్రమంలో ధర తగ్గుటకు ముఖ్య కారణాలలో ఇది ఒకటి. చిప్ పరిమాణం పెరిగిన కొద్దీ లోపం తగిలే అవకాశమూ పెరుగుతుంది కావున పెద్ద చిప్‌ల ధర అధికంగా ఉంటుంది.

ధర్మవరం పట్టుచీర నేతలో చిన్న లోపం దొర్లినచో దానిని పారవేయరు, తక్కువ ధరకు విక్రయిస్తారు. చిప్‌ల విషయంలోనూ అంతే. తయారైన ప్రతి చిప్‌నూ పరీక్షించి, పరిమితికి లోబడిన వేడితో అధిక వేగం అందుకున్న వాటిని పై శ్రేణిగా, మిగిలిన వాటిని దిగువ శ్రేణిగా వర్గీకరిస్తారు. ఒక కోర్ చెడినచో దానిని నిలిపివేసి, తక్కువ కోర్ల ప్రాసెసర్‌గా విక్రయించుట కూడా కద్దు.

చిప్‌పై ట్రాన్సిస్టర్ల సంఖ్య ఏటా రెట్టింపు కాగలదని 1965లో గార్డన్ మూర్ అంచనా వేశారు. 1975లో ఆ గడువును రెండేళ్లకు సవరించారు. 1971లో వెలువడిన ఇంటెల్ 4004లో ట్రాన్సిస్టర్లు 2,300 మాత్రమే. నేడు అవి వందల కోట్లకు చేరాయి. అయితే వేగం మాత్రం అదే రీతిన పెరగలేదు. 2004లో 3.8 గిగాహెర్ట్జ్‌కు చేరిన పిదప వేడి సమస్య అడ్డుగా నిలిచింది. 2005 నుండి తయారీదారులు కోర్ల సంఖ్యను పెంచే మార్గం చేపట్టారు. కావున టెండరు పత్రాలలో గిగాహెర్ట్జ్ సంఖ్యను మాత్రమే పేర్కొనుట సరికాదు. ప్రాసెసర్ తరం, కోర్ల సంఖ్య, మెమరీ, వారంటీలను కూడా స్పష్టపరచుట అవసరం.

ధర తగ్గుదల ఎల్లవేళలా ఖాయమని భావించరాదు. 2021లో చిప్‌ల కొరత ప్రపంచవ్యాప్తంగా కార్ల పరిశ్రమను ఇబ్బంది పెట్టింది. 2019లో ఉత్పత్తి ప్రారంభించిన పెనుకొండ మండలం ఎర్రమంచిలోని కియా కర్మాగారం వంటివి గల జిల్లాకు ఇది దూరపు విషయం కాదు. 2025 చివరి నెలల్లో మెమరీ చిప్‌ల ధరలు గణనీయంగా పెరిగాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఏసిప్ టెక్నాలజీస్ సంస్థ నెలకొల్పదలచిన యూనిట్‌కు కేంద్ర మంత్రివర్గం 2025 ఆగస్టు 12న ఆమోదం తెలిపింది. దాని వార్షిక సామర్థ్యం 9.6 కోట్ల యూనిట్లు. ఇది చిప్‌లను అమర్చి, ప్యాకేజింగ్ చేసే యూనిట్. ఈ దశలో లోపం జరిగినచో అప్పటికే తయారైన మంచి చిప్ సైతం వృథా అవుతుంది. అందువలన ఇటువంటి పరిశ్రమల గురించి వ్రాయు పాత్రికేయులు స్థాపిత సామర్థ్యంతో పాటు, తుది పరీక్షలో నెగ్గే యూనిట్లు ఎన్ని అన్న ప్రశ్న కూడా అడుగుట సముచితం.

అధికారులు అవసరానికి మించి ముందుగా కొని నిల్వ ఉంచినచో, వినియోగంలోకి రాకముందే యంత్రాల విలువ తగ్గి, వారంటీ గడువు కరిగిపోతుంది. పనికి తగిన శ్రేణిని, అవసరమైన సమయంలో ఎంపిక చేసుకొనుటే ప్రజాధనానికి రక్ష.