ఏ బాలు గొప్ప బాలు?
మూడు తరాల ఇంట్లో పాత పాటపై వాదం. అందులో మన పిల్లలకు దొరికే తెలుగు

తిరువళ్లూరు జిల్లాలోని తామరైపాక్కం ఒకప్పుడు కుశస్థలి ఏటి మీద ఆనకట్ట ఉన్న ఊరు. 2020 సెప్టెంబరు 26 తర్వాత అది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఊరు కూడా అయింది. అంతకు ముందురోజు చెన్నైలో కన్నుమూసిన గాయకుణ్ణి ఇక్కడి ఆయన తోటలోనే ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. అప్పటి నుంచి తెలుగువాళ్లు, తమిళులు, కన్నడిగులు ఆ సమాధి దగ్గరికి వచ్చి వెళుతున్నారు. అందరిదీ ఒకే అభిమానం. ‘ఏ బాలు గొప్ప?’ అని అడిగితే మాత్రం ఒకరి మాట ఒకరికి పొసగదు.

ఈ వాదం మన ఇళ్లలోనూ ఉంది. అవ్వకు 1970 ప్రాంతపు బాలు కావాలి. గొంతు సన్నగా, లేతగా ఉండాలి. అమ్మానాన్నలకు ‘సాగర సంగమం’, ‘గీతాంజలి’ల బాలు కావాలి. పిల్లలకు ఫోన్ ఏది వినిపిస్తే ఆ బాలు. ఆపై పక్కింటి తమిళ స్నేహితుడు వచ్చి ‘ఎస్పీబీ మావాడు’ అంటాడు. అతని మాటా అబద్ధం కాదు. చెన్నై నుంగంబాక్కంలో బాలు ఇల్లున్న వీధికి ఆయన పేరు పెడుతున్నట్టు తమిళనాడు ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రకటించింది.

ఇది కాలక్షేపం కబురులా కనిపించవచ్చు. బడిలో తమిళం, ఇంగ్లిషుల మధ్య తెలుగు చదువుతున్న పిల్లలకు మంచి తెలుగు మాట చెవిన పడే చోట్లలో పాత పాట ఒకటి. దాన్ని మనం ఎలా అందిస్తున్నామన్నదే అసలు సంగతి.

ఏ వయసులో విన్నామో అదే గొప్ప

‘మా కాలం పాటలే పాటలు’ అనే మాట ప్రతి తరమూ అంటుంది. దీనికి కారణం వెదికినవాళ్లున్నారు. అమెరికాలో మారిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే పరిశోధకులు 1989లో ప్రచురించిన అధ్యయనంలో రకరకాల వయసులవారికి వేరువేరు కాలాల పాటలు వినిపించారు. దాదాపు 24 ఏళ్ల వయసులో ఉండగా వచ్చిన పాటలే జనానికి ఎక్కువగా నచ్చుతున్నాయని తేలింది. అంటే అవ్వ తీర్పులో సగం పాటదైతే, సగం ఆమె పడుచుతనానిది. అమ్మ తీర్పూ అంతే.

మరో సంగతి కూడా ఉంది. పాత పాటలన్నీ మనదాకా రాలేదు. ఆ రోజుల్లోనూ పేలవమైన పాటలు బోలెడు వచ్చాయి. కాలం వాటిని జల్లెడ పట్టి పొట్టు ఎగరగొట్టింది. మిగిలిన గింజలను చేతిలో పెట్టుకుని, నిన్న మొన్న వచ్చిన పాటల రాశితో పోల్చడం న్యాయం కాదు.

అలాగని ఇష్టాలన్నీ వట్టి జ్ఞాపకాలేనని కొట్టిపారేయలేం. ‘నాకు నచ్చింది’ అనడం వేరు, ‘ఇది బాగుంది’ అనడం వేరు. మొదటిదానికి కారణం చెప్పనక్కర్లేదు. రెండోదానికి చెప్పాలి. ఆ కారణం వెతకాలంటే బాలు తొలినాటి పాటల దగ్గరికి వెళ్లాలి.

తొలినాటి బాలు

బాలు 1946 జూన్ 4న ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలోని కోనేటమ్మపేటలో పుట్టారు. తండ్రి సాంబమూర్తి హరికథా విద్వాంసుడు. ఇంజినీరింగ్ చదువుతూ పాటల పోటీల్లో పాల్గొనేవారు. 1966 డిసెంబరు 15న ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసం తొలి సినిమా పాట పాడారు. సంగీతం ఎస్పీ కోదండపాణి. పక్కన పాడినవారు పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, రఘురామయ్య. ఆ తొలి అవకాశాన్ని బాలు మరచిపోలేదు. తర్వాత తాను కట్టుకున్న స్టూడియోకు కోదండపాణి పేరే పెట్టుకున్నారు.

1968లో వచ్చిన ‘సుఖదుఃఖాలు’, ‘ఉండమ్మా బొట్టు పెడతా’ సినిమాల్లో దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన పాటలు ఆయన గొంతుకు దక్కాయి. ఆ గొంతులో తర్వాతి కాలపు విన్యాసాలు ఇంకా లేవు. మాట మీద చెయ్యి వేసి జాగ్రత్తగా నడిచినట్టుంటుంది. ‘తొలి బాలే గొప్ప’ అనేవారి బలం ఇక్కడుంది. సంగతులు తక్కువ కాబట్టి సాహిత్యం నేరుగా చెవిలో పడుతుంది.

1969లో ‘ఏకవీర’ వచ్చింది. విశ్వనాథ సత్యనారాయణ నవలకు అది తెర రూపం. కథ జరిగేది మన తమిళనాట, నాయక రాజుల మధురలో. అందులో కె.వి. మహదేవన్ కూర్చిన ఒక యుగళ గీతంలో ఎన్టీఆర్‌కు ఘంటసాల, కాంతారావుకు బాలు పాడారు. అప్పటికే శిఖరమెక్కిన గొంతు ఒకటి, ఇరవై మూడేళ్ల కొత్త గొంతు మరొకటి. ఒకే వరుసను ఇద్దరూ ఎలా పలికారో పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

అదే ఏడాది తమిళంలోనూ తలుపు తెరుచుకుంది. మొదట ఎం.ఎస్. విశ్వనాథన్ దగ్గరికి వెళితే, తమిళ ఉచ్చారణ బాగుచేసుకుని రమ్మన్నారని బాలు తానే చెప్పుకునేవారు. చిన్నబుచ్చుకోకుండా నేర్చుకుని వెళ్లి ‘శాంతి నిలయం’లో పాడారు. ‘అడిమైప్పెణ్’ పాట వేళకు జ్వరంతో మంచాన పడితే, ఎం.జి.ఆర్. ఆ కొత్త కుర్రాడు కోలుకునేదాకా ఆగారు. ఆ పాటతో తమిళనాడు ఆయనను సొంతం చేసుకుంది. ఇంటి భాష తెలుగు, బయటి భాష తమిళం అయిన మన పిల్లలకు ఈ ముచ్చట తప్పక చెప్పాలి. ఒక భాష బాగా నేర్చుకోవడానికి ఇంకో భాషను వదులుకోనక్కర్లేదు.

సినిమాల్లో పేరు రాకముందు బాలుకు సొంత లైట్ మ్యూజిక్ బృందం ఉండేది. అందులో గిటార్, తర్వాత హార్మోనియం వాయించిన యువకుడే ఇళయరాజా. ఆయన అన్న భాస్కర్ తాళవాద్యాలు, తమ్ముడు గంగై అమరన్ గిటార్ వాయించేవారు. ఆ వేదికల మీది స్నేహం ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’ రెండు సినిమాలకూ ఇళయరాజాకు ఉత్తమ సంగీత దర్శకుడిగా, బాలుకు ఉత్తమ గాయకుడిగా జాతీయ అవార్డులు వచ్చాయి. ‘ఎనభైల బాలే గొప్ప’ అనేవారి బలం ఇది. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్వని మనిషి ‘శంకరాభరణం’ పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్న తర్వాతి దశ అది. ఊపిరి, నవ్వు, వెక్కిళ్లు కూడా పాటలో భాగమయ్యాయి. మొత్తం ఆరు జాతీయ అవార్డులు తెలుగు, హిందీ, కన్నడ, తమిళ పాటలకు వచ్చాయి. చివరిది ఎ.ఆర్. రెహమాన్ స్వరపరచిన ‘మిన్సార కనవు’కు.

కాబట్టి ఇద్దరి వాదంలోనూ నిజముంది. తొలి పాటల్లో మాటకు పెద్దపీట, తర్వాతి పాటల్లో భావానికి విస్తారం. ఒకటి లేకుండా రెండోది రాలేదు.

పిల్లలది వెనక్కి నడక

పెద్దలు బాలును రేడియోలో, రికార్డుల్లో, ఆ తర్వాత క్యాసెట్లలో ఏడాది వెంట ఏడాదిగా విన్నారు. పిల్లలకు ఆ వరుస లేదు. వాళ్ల ఫోన్‌లో 1968, 1989, 2010 పక్కపక్కనే ఉంటాయి. ఏదో కొత్త పాట నచ్చి, ఈ గొంతు ఎవరిదని వెనక్కి వెళితే ఒకనాటికి ‘మర్యాద రామన్న’ తగులుతుంది. అవ్వకు జ్ఞాపకమైన ఆ పాట మనవరాలికి సరికొత్తది. ఆమె దాన్ని బాల్యం కోసమో, పోయిన ఊరి కోసమో వినడం లేదు. పాటగానే వింటోంది. ఆ చెవికి విలువ ఇవ్వాలి.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో కెరొల్ క్రమ్‌హాన్సల్ బృందం 2013లో ఇంకో ఆసక్తికరమైన సంగతి బయటపెట్టింది. కాలేజీ పిల్లలకు తమ కాలపు పాటలతో పాటు, తమ అమ్మానాన్నలు పడుచువాళ్లుగా ఉన్ననాటి పాటలతోనూ అనుబంధం ఉందట. ఇంట్లో పెద్దలు వింటూ ఉంటే ఆ ఇష్టం పిల్లలకు అబ్బిందని పరిశోధకుల ఊహ. ఇది విన్నదాని ఫలం. ‘మీ పాటలూ ఒక పాటలేనా’ అనే ఎత్తిపొడుపుతో ఏ బిడ్డా పాత పాట దగ్గరికి రాదు. పాత పాట అంటే తిట్టు పడే వేళ అనుకుంటే, దానితో పాటు అందులోని తెలుగుకూ దూరమవుతుంది.

బడిలో, ఇంట్లో ఏం చేయవచ్చు?

● తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అందుకే మన పిల్లలు ‘భయం’ను ‘బయం’ అని, ‘ధనం’ను ‘దనం’ అని రాయడం టీచర్లకు రోజూ ఎదురయ్యేదే. బాలు ఒత్తక్షరాలను స్పష్టంగా పలుకుతారు. ఒక పాట వినిపించి, వినబడిన ఒత్తక్షరాల మాటలను రాయమనండి. డిక్టేషన్ కంటే ఇష్టంగా రాస్తారు.

● ‘ఏకవీర’ యుగళ గీతం రెండుసార్లు వినిపించండి. ఎవరు ఘంటసాల, ఎవరు బాలు అని గుర్తుపట్టమనండి. ఎలా గుర్తుపట్టారో తెలుగులోనే చెప్పమనండి. ‘బాగుంది’ అనే ఒక్క మాటతో సరిపెట్టనివ్వకండి.

● తరగతిలో ‘ఏ బాలు గొప్ప’ అని వాదం పెట్టండి. ఒక్కటే నియమం: ఎదుటివారు చెప్పిన పాట పూర్తిగా విన్నాకే కాదనాలి. ఈ నియమం పెద్దలకూ వర్తిస్తుంది.

● ఇంట్లో అవ్వ, తాత ఉంటే, వారికి నచ్చిన పాటలో పిల్లలకు తెలియని ఐదు మాటల అర్థం అడిగి రాసుకు రమ్మనండి. బదులుగా పిల్లలు తమకు నచ్చిన పాట ఒకటి వారికి వినిపించాలి.

చివరి అంశమే అన్నిటికంటే ముఖ్యం. అవ్వ పాట మనవడు వినాలని మనమందరం కోరుకుంటాం. మనవడి పాట అవ్వ వినడం మాత్రం అరుదు. ఆమె ఒక్కసారి చెవి ఒగ్గి, ‘ఈ పిల్లవాడి గొంతు బాగుందిరా, మాటలే తెలియడం లేదు’ అంటే చాలు. ఆ మాటలు ఆమెకు విడమరచి చెప్పేది మనవడే. చెప్పేది తెలుగులోనే.