ఫొటోలు క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని ఫోన్‌లో డిలీట్ చేస్తున్నారా? ఆగండి.. ముందు ఈ తేడా తెలుసుకోండి!

'స్టోరేజ్ ఫుల్'.. స్మార్ట్‌ఫోన్ వాడేవాళ్లకు ఈ మెసేజ్ కొత్త కాదు. అది రాగానే చాలామంది చేసే పని ఒకటే. గ్యాలరీ తెరిచి, పాత ఫొటోలు వరసగా సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టేయడం. 'ఎలాగూ గూగుల్‌లో ఉన్నాయిగా' అనే ధీమా.

కానీ అసలు చిక్కంతా అక్కడే ఉంది. క్లౌడ్‌లో కనిపించే ఫొటో ప్రతిసారీ రెండో కాపీ కాదు. చాలాసార్లు అది అద్దంలో బొమ్మ లాంటిది. ఇక్కడ తీసేస్తే అక్కడా మాయమైపోతుంది. మరి నిజమైన బ్యాకప్ అంటే ఏంటి? పిల్లల మొదటి పుట్టినరోజు, అమ్మానాన్నల షష్టిపూర్తి, పెళ్లి ఫొటోలు.. ఇవన్నీ పదికాలాల పాటు ఉండాలంటే ఇంట్లోనే ఏం చేయాలి? ఇప్పుడు చూద్దాం.

సింక్ వేరు.. బ్యాకప్ వేరు

గూగుల్ ఫొటోస్ యాప్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉన్నప్పుడు, ఆ యాప్ నుంచి ఒక ఫొటో డిలీట్ చేస్తే అది ఫోన్‌లోనూ పోతుంది, గూగుల్ అకౌంట్‌లోనూ పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. బ్యాకప్ కానిదైతే 30 రోజులే. ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఫొటోస్ కూడా దాదాపు ఇంతే. ఫోన్‌లో తీసేస్తే అదే అకౌంట్ ఉన్న ఐప్యాడ్, మ్యాక్.. అన్నింట్లోనూ పోతుంది. 'రీసెంట్లీ డిలీటెడ్'లో ఉండేది 30 రోజులు. గడువు దాటిందా.. ఇక అంతే సంగతులు.

అన్నిచోట్లా ఒకేలా కనిపించేలా చూడటం సింక్. ఒకచోట పోయినా ఇంకోచోట మిగలడం బ్యాకప్. ఈ తేడా తెలిస్తే సగం ఫొటోలు కాపాడుకున్నట్టే.

మరి ఫోన్‌లో జాగా ఎలా? గూగుల్ ఫొటోస్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' అనే ఆప్షన్ ఉంటుంది. ఇది బ్యాకప్ అయిపోయిన ఫొటోలను మాత్రమే ఫోన్‌లోంచి తీసేస్తుంది, క్లౌడ్‌లో అలాగే ఉంచుతుంది. అయితే అది నొక్కిన తర్వాత మీకు మిగిలేది ఒక్క కాపీయే అని గుర్తుంచుకోండి.

15 జీబీ.. అందులోనే అన్నీ

గూగుల్ ఒకప్పుడు 'హై క్వాలిటీ' ఫొటోలకు ఎంత కావాలంటే అంత ఉచిత జాగా ఇచ్చేది. 2021 జూన్ 1 నుంచి అది ఆగిపోయింది. ఇప్పుడు ఉచితంగా వచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్.. మూడూ ఇందులోనే సర్దుకోవాలి. ఐక్లౌడ్‌లో అయితే 5 జీబీయే ఫ్రీ.

ఒక ఫొటో 5 ఎంబీ అనుకుంటే 15 జీబీలో పట్టేవి సుమారు 3 వేలు. వీడియోల సంగతి చెప్పక్కర్లేదు. ఐఫోన్‌లో ఒక్క నిమిషం 4కే వీడియోకే సెట్టింగ్‌ను బట్టి 135 ఎంబీ, ఆపైన పడుతుంది. జాగా నిండితే కొత్త ఫొటోలు బ్యాకప్ కావు. జీమెయిల్‌కు మెయిల్స్ రావడం కూడా ఆగిపోతుంది.

ఇంకో విషయం. రెండేళ్ల పాటు వాడని పర్సనల్ గూగుల్ అకౌంట్లను, అందులోని ఫొటోలతో సహా తొలగించే విధానాన్ని ఆ సంస్థ 2023లో ప్రకటించింది. పాత ఫోన్‌తో పాటు పాత మెయిల్ ఐడీని కూడా వదిలేసినవాళ్లు ఒక్కసారి లాగిన్ అయి చూసుకోవడం మంచిది.

వాట్సాప్ ఫొటోతో జాగ్రత్త

'ఫ్యామిలీ గ్రూపులో పెట్టాంగా, అందరి దగ్గరా ఉంటాయి' అనుకోవద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు, క్వాలిటీ తగ్గిపోతాయి. ఫోన్‌లో బాగానే కనిపిస్తుంది కానీ, పెద్ద సైజులో ప్రింట్ తీయిస్తే తేడా తెలిసిపోతుంది. ఒరిజినల్ పోకూడదంటే 'డాక్యుమెంట్' రూపంలో పంపాలి. అలాగే వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు వాటంతట అవే గూగుల్ ఫొటోస్‌లోకి వెళ్లిపోతాయనుకోవద్దు. బ్యాకప్ సెట్టింగ్స్‌లో వాట్సాప్ ఫోల్డర్‌ను విడిగా ఆన్ చేయాలి.

3-2-1.. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి

అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇది. చాలా సింపుల్.

3 - ప్రతి ఫొటోకూ మూడు కాపీలు ఉండాలి.
2 - అవి కనీసం రెండు రకాల వాటిలో ఉండాలి. ఉదాహరణకు ఫోన్, హార్డ్ డిస్క్.
1 - వాటిలో ఒకటి ఇంటి బయట ఉండాలి.

ఇంటి బయట ఎందుకు? విజయవాడ వాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు సింగ్ నగర్ లాంటి ప్రాంతాల్లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటప్పుడు ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్, బీరువాలోని ఆల్బమ్.. ఒకే ఇంట్లో ఉంటే అన్నీ ఒకేసారి పోతాయి. అందుకే ఒక కాపీ క్లౌడ్‌లోనో, వేరే ఊళ్లో ఉన్న అన్నయ్య ఇంట్లోనో ఉండాలి. పిల్లలు అమెరికాలో ఉంటే, సెలవులకు వచ్చినప్పుడు ఒక డిస్క్ వాళ్ల చేతికి ఇచ్చి పంపినా సరిపోతుంది.

సినిమానే కాపాడిన ఇంటి కాపీ

1998లో పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' తయారవుతోంది. ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక కమాండ్‌తో సినిమా ఫైళ్లు చాలావరకు డిలీట్ అయిపోయాయి. బ్యాకప్ ఉందిలే అని చూస్తే అది కూడా సరిగ్గా పనిచేయడం లేదని తేలింది. చివరికి ఆదుకున్నది గేలిన్ సుస్మన్ అనే టెక్నికల్ డైరెక్టర్ ఇంట్లోని కంప్యూటర్. ఆమెకు అప్పట్లో బిడ్డ పుట్టడంతో ఇంటి నుంచే పనిచేసేవారు. ఆ కంప్యూటర్‌లో సినిమా కాపీ ఉంది. అంత పెద్ద స్టూడియో నేర్చుకున్న పాఠమే మనకూ వర్తిస్తుంది. ఒక కాపీ బయట ఉండాలి. బ్యాకప్ పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడూ చూస్తుండాలి.

ఇంట్లో ఎలా చేసుకోవాలంటే..

* 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి తీసుకోండి. 5 ఎంబీ చొప్పున సుమారు 2 లక్షల ఫొటోలు పడతాయి.
* ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కనెక్ట్ చేసి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోండి. డీసీఐఎం ఫోల్డర్‌లో కెమెరా ఫొటోలు ఉంటాయి. 'కట్' చేయొద్దు, 'కాపీ' చేయండి.
* '2025 సంక్రాంతి', '2025 తిరుపతి' అని ఏడాది, సందర్భం పేరుతో ఫోల్డర్లు పెట్టుకుంటే వెతుక్కోవడం తేలిక.
* కాపీ అయ్యాక నాలుగైదు ఫొటోలు, ఒకట్రెండు వీడియోలు తెరిచి చూడండి. ఆ తర్వాతే ఫోన్‌లో డిలీట్ చేయండి.
* పని అవగానే డిస్క్ తీసేయండి. ఫైళ్లకు తాళం వేసే వైరస్ కంప్యూటర్‌లోకి వస్తే, తగిలించి ఉన్న డిస్క్‌ను కూడా వదలదు.
* పెళ్లి ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌నే నమ్ముకోవద్దు. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లడానికే. ఏళ్ల తరబడి దాచడానికి కాదు.
* హార్డ్ డిస్క్ కూడా శాశ్వతం కాదు. కింద పడితే పోవచ్చు, పాతబడినా పోవచ్చు. నాలుగైదేళ్లకోసారి కొత్తదానిలోకి మార్చుకోండి.

పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిస్తే?

ఇది ఎవరూ మాట్లాడుకోని విషయం. ఇంట్లో ఫొటోలన్నీ నాన్న ఫోన్‌లో ఉంటాయి. లాక్ ఆయనకే తెలుసు. జరగరానిది జరిగితే ఆ ఫొటోలు ఉండీ లేనట్టే. అందుకే గూగుల్‌లో 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' ఉంది. మీరు చెప్పినంత కాలం అకౌంట్ వాడకపోతే, మీరు ఎంచుకున్న వాళ్లకు సమాచారం వెళ్తుంది. మీరు అనుమతించిన డేటాను వాళ్లు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఐఫోన్‌లో దీనికి 'లెగసీ కాంటాక్ట్' ఉంది. ఒకసారి పెద్దవాళ్లతో కూర్చుని సెట్ చేస్తే సరి.

చివరిగా ఒక చిన్న పని. మీకు ప్రాణమైన పది ఫొటోలు ఫోన్‌లో తెరవండి. ఈ ఫోన్ ఇప్పుడే బస్సులో పోతే, ఇవి ఇంకెక్కడ ఉన్నాయి? సమాధానం వెంటనే రాకపోతే.. ఈ ఆదివారం ఆ పది ఫొటోలతోనే మొదలుపెట్టండి.