వలస పక్షుల విడిది

దసరా వెళ్లి దీపావళి వచ్చే రోజులవి. వానలు వెనుకబడతాయి. కిన్వట్ పక్కన పారే పెన్‌గంగలో నీరు తేటపడుతుంది. అప్పుడు నీటి అంచున తోకను పైకీ కిందికీ ఆడిస్తూ తిరిగే ఒక చిన్న పిట్టను గమనించండి. దాని వీపు బూడిద రంగు, పొట్ట పసుపు. వేసవిలో ఎంత వెదికినా అది ఇక్కడ కనిపించదు. అప్పుడది హిమాలయాల్లో సెలయేళ్ల ఒడ్డున గూడు కట్టుకొని ఉంటుంది.

ఇలా ఋతువును బట్టి పక్షులు ఒకచోటి నుండి మరొకచోటికి వెళ్లి తిరిగి రావడమే వలస. చలికాలంలో ఉత్తరాన నీళ్లు గడ్డకడతాయి, పురుగులు దొరకవు. పగటి వేళ తగ్గుతున్నకొద్దీ పక్షులు బాగా తిని ఒంట్లో కొవ్వు నింపుకుంటాయి. అదే వాటికి దారిబత్తెం. సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత శక్తి వాటికి దారి చూపుతాయి.

ఆకాశంలో ఎగిరిపోయే పక్షుల్ని లెక్కించడం కష్టం. కాని సముద్రం మీద ఎగిరి అలసిన పక్షులకు చిన్న దీవి కనిపిస్తే అక్కడ దిగుతాయి. జర్మనీకి చెందిన హెలిగోలాండ్ అలాంటి దీవి. దాని వైశాల్యం రెండు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. 1837లో అక్కడికి వెళ్లిన హైన్‌రిష్ గేట్కే అనే చిత్రకారుడు యాభై ఏళ్లకు పైగా అక్కడే ఉండి, వచ్చిపోయే పక్షుల్ని గమనించాడు. 1891లో తాను చూసినదంతా పుస్తకంగా ప్రకటించాడు.

ఆ దీవి ప్రజలు ఒకప్పుడు పొదలు పెంచి, వాటి చాటున వలలు పన్ని, శరదృతువులో వచ్చే గోరింకంత పిట్టల్ని పట్టి తినేవారు. 1910లో అక్కడ పక్షి పరిశోధన కేంద్రం ఏర్పడింది. తరువాత శాస్త్రజ్ఞులు అదే ఉపాయాన్ని మంచి పనికి మళ్లించారు. పొదల మీద గరాటు ఆకారంలో వల కట్టి పక్షిని పడతారు. కాలికి అంకె ఉన్న తేలికైన ఉంగరం తొడిగి వదిలేస్తారు. ఆ పక్షి మరెక్కడైనా దొరికితే, దాని ప్రయాణం తెలుస్తుంది. ఇలా ఉంగరాలు తొడిగే పద్ధతికి 1899లో డెన్మార్కు ఉపాధ్యాయుడు మోర్టెన్సెన్ బాట వేశాడు. మన దేశంలో ఈ పనిని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ చేపట్టింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ దానికి ఊపిరి పోశారు.

తెలుగునాట ఇలాంటి విడిది పులికాట్ సరస్సు. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగోడలా ఉంది. సూళ్లూరుపేట నుండి అక్కడికి వెళ్లే రోడ్డు సరస్సు మీదుగానే సాగుతుంది. ఈశాన్య ఋతుపవనాలు సరస్సును నింపాక రాజహంసలు గుంపులుగా వస్తాయి. తలను కిందికి వంచి, వంకర ముక్కును నీటిలో తిరగేసి, సన్నని రొయ్యల్నీ నాచునూ వడకట్టి తింటాయి. ఆ ఆహారం వల్లనే వాటి ఈకలకు గులాబి రంగు వస్తుంది. సూదితోక బాతులు వేల కిలోమీటర్ల దూరం నుండి ఇక్కడికి చేరతాయి.

ఈ విడిదికీ ఆపద ఉంది. సముద్రపు నీరు లోపలికి వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటాయి. అప్పుడు చేపలు, రొయ్యలు తగ్గుతాయి. పక్షుల మేతా పోతుంది, జాలరుల బతుకుతెరువూ పోతుంది. పక్షికీ మనిషికీ ఆధారం ఒకటే నీరు.

మనుషులు తలచుకుంటే మార్పు సాధ్యమే. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం వద్ద అమూర్ డేగల్ని వేలాదిగా వలలు పన్ని చంపారు. మరుసటి ఏడే అక్కడి గ్రామస్థులు ఆ వేట మానివేశారు. ఆ డేగలు మన దక్కను మీదుగా, అరేబియా సముద్రం దాటి ఆఫ్రికాకు వెళతాయి.

పక్షుల్ని చూడటానికి దీవికే వెళ్లనక్కరలేదు. ఒక నోటుపుస్తకం చాలు. పసుపు పొట్ట పిట్ట మీ నది ఒడ్డుకు ఏ రోజున వచ్చిందో, ఏ రోజున వెళ్లిందో రాసుకోండి. వచ్చే ఏడు కూడా రాయండి. గేట్కే చేసింది కూడా ఈ పనే.