తెల్ల ద్రాక్షకు.. ఒప్పందమే రక్ష!

చిక్కబళ్లాపుర, కోలారు రైతులకు ద్రాక్ష కొత్త కాదు. ఇక్కడి దిల్‌ఖుష్‌ మనకు చుట్టమే. హైదరాబాద్‌లో పేరు తెచ్చుకున్న అనాబ్‌-ఎ-షాహి నుంచి ఎంపిక చేసిన రకమది. నంది కొండల దిగువన వైన్‌ ద్రాక్షా పండుతోంది. ఈ సాగులోకి కొత్తగా దిగాలనుకునే రైతు ముందు నాసిక్‌లో షెనిన్‌ బ్లాంక్‌ కథ తెలుసుకోవాలి.

పుట్టిల్లు ఫ్రాన్స్‌

తెల్ల వైన్‌ తయారీకి వాడే ఈ రకం ఫ్రాన్స్‌లోని లోయిర్‌ నదీ లోయలో పుట్టింది. దక్షిణాఫ్రికాలో ‘స్టీన్‌’ పేరుతో స్థిరపడింది. ఇప్పుడు పుట్టింటికన్నా అక్కడే ఎక్కువ సాగవుతోంది. 2000 తర్వాత నాసిక్‌లోనూ బాగా విస్తరించింది. ఎండలు కాసే చోటా పులుపు నిలుపుకోవడం దీని బలం. కాపూ బాగానే కాస్తుంది. అయితే గుత్తి బిగుతు, తొక్క పలచన. కోత ముందు వాన పడిందా, కుళ్లు పట్టేస్తుంది.

రెండు కత్తిరింపులు

ఫ్రాన్స్‌లో చలికాలమంతా తీగ నిద్రపోతుంది. మన దగ్గర అంత చలి లేదు. అందుకే వేసవిలో రెమ్మల కోసం ఒకసారి, వానలు తగ్గాక కాపు కోసం మరోసారి కత్తిరిస్తారు. జనవరి-మార్చి మధ్య కోత. తీపి, పులుపు రెండూ కొలిచాకే గుత్తికి కత్తెర పెడతారు. ఆలస్యమైతే పులుపు తగ్గి వైన్‌ చప్పబడుతుంది. కోసిన కాయను చల్లదనం పోకముందే పిండి, తొక్క తీసేసి రసాన్ని పులియబెడతారు.

సంతలో అడిగేవారుండరు

అసలు చిక్కు అమ్మకంలోనే ఉంది. కాయ చిన్నది, లోపల గింజలు. తినడానికి ఎవరూ కొనరు. వైనరీ వద్దంటే మరో దారి లేదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో వైన్‌ విధానం తెచ్చాక నాసిక్‌లో చాలామంది వైన్‌ రకాలు నాటారు. 2008లో మాంద్యం, ఆ నవంబరులో ముంబయి దాడులతో హోటళ్లు వెలవెలబోయాయి. వైన్‌ నిల్వలు పేరుకుపోయాయి. వైనరీలు కొనుగోళ్లు తగ్గించేశాయి. దిక్కుతోచని రైతులు కొందరు తీగలు పీకేశారు. మరికొందరు అవే మొదళ్లపై తినే రకాలు అంటుకట్టారు.

నాటిన తీగ సరైన కాపుకొచ్చేసరికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా కొనేవాడి మనసు మారొచ్చు. కాబట్టి ఒప్పందం ఎన్నేళ్లకు, ధర ఎంత, కోత రోజు ఎవరు చెప్పాలి, వానకు కాయ పాడైతే నష్టం ఎవరిది.. ఇవన్నీ కాగితం మీద రాయించుకోవాలి. గుంత తవ్వేది ఆ తర్వాతే.