నడుమునకు బలము చేకూర్చు వ్యాయామము

నడుములోని 5 వెన్నుపూసలకు ఊతమిచ్చునవి వీపు, పొట్ట కండరములు. నొప్పి పుట్టగనే దినముల తరబడి మంచము పట్టుట మన యిండ్లలో పరిపాటి. అట్టి విశ్రాంతివలన ఆ కండరములు మరింత సడలును. నొప్పి తగ్గుముఖము పట్టగనే ఈ క్రింది వ్యాయామమును ఆరంభింపవచ్చును.

చాపపై వెల్లకిల పరుండి, మోకాళ్లు మడిచి, పాదములను నేలకు ఆనింపవలెను. పొట్టను కొంచెము బిగించి, భుజములనుండి మోకాళ్లవరకు శరీరము ఒకే వాలుగా నుండునట్లు పిరుదులను మెల్లగా పైకెత్తి, 5 సెకనులు నిలిపి దింపవలెను. ఊపిరి బిగబట్టరాదు. మొదట 5 మార్లు చాలును. వారము గడచిన పిమ్మట 10 మార్లు చేయవచ్చును. ఉత్సాహముకొలది ఒక్కనాడే 50 మార్లు చేసి మరునాడు మూలుగువారు లేకపోలేదు.

నొప్పి కాలిలోనికి ప్రాకినచో వ్యాయామము మాని వైద్యునకు చూపుకొనవలెను. కాళ్లు చచ్చుబడినను, తొడల నడుమ స్పర్శ నశించినను, మూత్రము బిగిసినను, తెలియకయే పోవుచున్నను, తెల్లవారువరకు వేచియుండక ఆసుపత్రికి చేరవలెను. ఆలస్యమయినచో ఆ లోపము శాశ్వతముగా నిలిచిపోవచ్చును.