దేవుడు పోయినా మిగిలేవి

సిరిగేరిలో మా చిన్నాయన దేవుణ్ణి నమ్మడు. జాతరకు చందా ఇవ్వడు, బడికి బల్లలు కావాలంటే మాత్రం ముందుంటాడు. నాకు ప్రశ్నించడం నేర్పింది ఆయనే.

పోయిన ఏడు అక్కకు సంబంధాలు చూస్తున్నప్పుడు జాతకాలు వద్దన్నాడు, ముహూర్తం వద్దన్నాడు. కానీ మొదట అడిగింది "వాళ్లు మనోళ్లేనా?" అని. "ఎందుకు చిన్నాయనా?" అంటే "అదంతేలేమ్మా" అన్నాడు. దేవుడి గురించి అడిగితే మా అవ్వ చెప్పేదీ ఇదే మాట!

కారణం అడగనివ్వని మాట ఏదైనా నమ్మకమే. మతాన్ని ఆలోచించి వదులుతాం. ఇంట్లో పుట్టినప్పటి నుంచి విన్నది మాత్రం నమ్మకమని కూడా తోచదు, అందుకే మిగిలిపోతుంది.

గోరాగా అందరూ ఎరిగిన గోపరాజు రామచంద్రరావు గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. ఆయన భార్య సరస్వతి గారు గర్భంతో ఉండి గ్రహణం చూశారు. అన్ని కులాలవాళ్లతో సహపంక్తి భోజనాలు చేశారు. 1948లో సేవాగ్రాంలో పెద్దకూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి జరిపించారు. గుడి మానడంతో ఆగక, పరీక్షను సొంతింటి దాకా తెచ్చుకున్నారు.

మరి నేను? గుడికి పోను గానీ ప్రతి పరీక్షకూ అదే నీలం పెన్ను. మొన్న ఇంటర్నల్స్‌కు కావాలనే వేరే పెన్ను తీసుకుపోయాను. మొదటి పేజీ అంతా చెయ్యి వణికింది. పెన్ను వదలడానికే నాకింత అయితే, చిన్నాయనకు కులం వదలడం ఎంత కష్టమో! అయినా అడుగుతూనే ఉంటాను. అడగడం నేర్పింది ఆయనే కదా.