శస్త్రచికిత్సా మందిరంలో మందుల వృథా

స్టోర్సు విభాగంతో పరిచయమున్న వారందరికీ తెలిసిన సూత్రం ఒకటున్నది: పెద్ద డబ్బా కొంటే లీటరు ధర తగ్గుతుంది. ఆపరేషన్ థియేటరులో మాత్రం ఈ సూత్రం తరచుగా తలక్రిందులవుతుంది.

రోగిని నిద్రపుచ్చడానికి నేడు విరివిగా వాడే మందు ప్రొపోఫాల్. పాలవలె తెల్లనైన ఈ మందు మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల గాఢతతో 20, 50, 100 మిల్లీలీటర్ల సీసాలలో లభిస్తుంది. 60 కిలోల వ్యక్తిని నిద్రపుచ్చడానికి, కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున, 12 మిల్లీలీటర్లు చాలు. ఆపై వాయురూప ఔషధంతో మత్తును కొనసాగిస్తే, చిన్న సీసాలో 8 మిల్లీలీటర్లు మిగులుతాయి. 50 మిల్లీలీటర్ల సీసాలో 38.

మిగిలినది తరువాతి రోగికి వాడకూడదా అని పొదుపెరిగిన ఏ ఇల్లాలైనా అడుగుతుంది. కూడదు. సోయా నూనె, గ్రుడ్డు సొనలోని లెసిథిన్ కలిసిన ఈ మందులో సూక్ష్మజీవులు సులభంగా పెరుగుతాయి. 1990-93 మధ్య అమెరికాలో ఏడు ఆసుపత్రులలో శస్త్రచికిత్సానంతరం రోగులకు సోకిన వ్యాధులకు ఈ మందు కలుషితం కావడమే మూలమని 1995లో వెలువడిన పరిశోధన చూపింది. కనుక పొదుపు చేయవలసినది మిగిలిన మందులో కాదు, తెరిచే సీసా పరిమాణంలో.

అత్యవసరానికై ముందుగా సిరంజిలోకి తీసి, వాడకుండానే పారవేసే అట్రోపిన్, ఎఫెడ్రిన్‌ల సంగతి వేరు. అగ్నిమాపక యంత్రాన్ని వాడలేదని దానిని ఎవరూ దండుగ అనరు గదా!

ఇంజనీర్లకు ఆసక్తి కలిగించేది వాయురూప ఔషధం. రోగి విడిచిన గాలిలోని బొగ్గుపులుసు వాయువును సోడాలైము పీల్చుకుంటుంది. మిగిలిన వాయువు మరల రోగికే చేరుతుంది. అయినా అవసరానికి మించి కొత్త వాయువును పంపితే ఆ మేరకు మందు బయటికి పోతుంది. నిమిషానికి పంపే లీటర్లను ఔషధ శాతంతోనూ, ఆపై 3తోనూ గుణిస్తే గంటకు ఖర్చయ్యే ద్రవం సుమారుగా మిల్లీలీటర్లలో వస్తుంది. 2 శాతం సెవోఫ్లురేన్‌ను 4 లీటర్ల ప్రవాహంతో ఇస్తే గంటకు 24 మిల్లీలీటర్లు. 1 లీటరుతో ఇస్తే 6. రోగి నిద్రలో తేడా ఉండనక్కరలేదు.

అయితే ప్రవాహం తగ్గినకొద్దీ సోడాలైము త్వరగా శక్తి కోల్పోతుంది. రోగికి అందే ప్రాణవాయువు, మత్తుమందు శాతాలను ఎడతెగకుండా చూపే పరికరం లేనిచోట ఈ పద్ధతికి పూనుకోరాదు. మత్తు యంత్రానికి టెండరు పిలిచేటప్పుడే ఆ పరికరాన్నీ అందులో చేర్చాలి.